చమురు ఒలికిన చోట సామాన్యులు చేయగలిగే సాయం

(పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. రసాయన శాస్త్రం)



వార్షికోత్సవ సంచిక కోసం ఒక సైన్సు పాఠం రాయమన్నప్పుడు మేము ఈ అంశాన్ని ఎన్నుకున్నాము. పేరు చూడగానే "మన రామారెడ్డికి సముద్రం ఎక్కడిది? ఓడలు ఎక్కడివి? ఈ పాఠం విశాఖపట్నం పిల్లలకు చెప్పాలి గాని మనకెందుకు?" అని మీకు అనిపించవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కాని చమురు ఓడల్లో మాత్రమే ప్రయాణం చేయదు. మనకు కొద్ది కిలోమీటర్ల దూరంలో కామారెడ్డి, సదాశివనగర్ మీదుగా 44వ నెంబరు జాతీయ రహదారి పోతున్నది. (మన పెద్దలు ఇప్పటికీ దానిని ఏడో నెంబరు రోడ్డు అనే అంటారు.) పెట్రోలు, డీజిలు, గ్యాసు ట్యాంకర్లు ఆ దారిలో పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. ఒక ట్యాంకరు బోల్తా పడిందనుకోండి. అందులోని సరుకు రోడ్డు పక్క కాలువలోకి, కాలువ నుండి వాగులోకి, వాగు నుండి చెరువులోకి పోతుంది. ఆ చెరువు నీళ్ళే మన పశువులు తాగేవి, మన పొలాలకు పారేవి.

అలాంటప్పుడు ఊళ్ళో వాళ్ళు మొదట చేసే పని ఏమిటి? బకెట్ పట్టుకుని ఉరుకుతారు. కొందరు సాయం చేద్దామని, కొందరు నాలుగు లీటర్లు తెచ్చుకుందామని. ఈ వ్యాసమంతా ఆ బకెట్ గురించే అనుకోండి. ఒక చోట అదే బకెట్ యంత్రాలు చేయలేని పని చేసింది. ఇంకొక చోట అదే బకెట్ వందల మంది ప్రాణాలు తీసింది. తేడా ఎక్కడున్నదో తెలుసుకోవడానికి ముందు నీళ్ళ మీద నూనె ఏం చేస్తుందో చూద్దాము.

ఒక లీటరు నూనె, ముప్పై మూడు గుంటల నీళ్ళు

నూనె నీటి కంటే తేలిక, నీటిలో కరగదు, అందుకే పైకి తేలుతుంది. ఇది ఆరో తరగతి పాఠమే. వర్షం పడినప్పుడు మెకానిక్ షాపు ముందర నీటి గుంటలో ఇంద్రధనుస్సు రంగులు చూసే ఉంటారు. ఆ రంగుల పొర మందం ఎంతో తెలుసా? మిల్లీమీటరును వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగాన్ని మైక్రాన్ అంటారు. రంగులు కనిపించే పొర దాదాపు 0.3 మైక్రాన్ల నుండి మొదలవుతుంది. ఇప్పుడు లెక్క మీరే చేయండి. ఒక లీటరు నూనె 0.3 మైక్రాన్ల మందంగా పరుచుకుంటే దాదాపు 3,300 చదరపు మీటర్లు వస్తుంది. మన లెక్కలో చెప్పాలంటే 33 గుంటలు, అనగా ముప్పావు ఎకరం దాటిపోతుంది. ఒక్క లీటరుకే ఇంత! ట్యాంకరులో ఉండేది వేల లీటర్లు.

అన్ని చమురులూ ఒకే తీరుగా ప్రవర్తించవు. పెట్రోలు త్వరగా ఆవిరైపోతుంది, దానితో ప్రమాదం నీటి కంటే గాలిలోనే ఎక్కువ. డీజిలు నెమ్మదిగా ఆవిరవుతుంది, మట్టిలోకి ఇంకుతుంది, బావుల దాకా పోగలదు. ఓడల ఇంజన్లలో, ఫ్యాక్టరీ బాయిలర్లలో వాడే ఫర్నేస్ ఆయిల్ చాలా చిక్కనిది, ఆవిరి కానే కాదు అన్నట్టు ఉంటుంది. అలలు దానిని చిలికితే అది నీటిని తనలోకి తీసుకుని ముద్ద అవుతుంది. ఆ ముద్దలో ఒక్కోసారి మూడు వంతులు నీళ్ళే ఉంటాయి. అంటే ఒలికింది ఒక డ్రమ్ము అయితే, ఎత్తిపోయవలసింది నాలుగు డ్రమ్ములు. దానికి ఇసుక, ప్లాస్టిక్ కవర్లు, చెత్త తోడైతే ఏ పంపుకూ లొంగదు. ఈ సంగతి చెన్నై దగ్గర అందరికీ తెలిసివచ్చింది.

ఎన్నూరులో బకెట్లు

2017 జనవరి 28 తెల్లవారుజామున చెన్నైకి ఉత్తరాన ఎన్నూరులోని కామరాజర్ ఓడరేవు దగ్గర రెండు ఓడలు ఢీకొన్నాయి. ఒకటి బి.డబ్ల్యు. మేపుల్ అనే గ్యాసు ఓడ, రెండవది డాన్ కాంచీపురం అనే చమురు ఓడ. ఒలికింది చాలా తక్కువ అన్నట్టుగా మొదట ప్రకటనలు వచ్చాయి. తరువాత వేసిన అంచనా దాదాపు 196 టన్నులు. నల్లటి ఫర్నేస్ ఆయిల్ అలలతో పాటు దక్షిణానికి కొట్టుకువచ్చి ఎర్ణావూరు దగ్గర రాళ్ళ మధ్య గడ్డకట్టింది. మురుగు కాలువలు శుభ్రం చేసే పెద్ద సకింగ్ యంత్రాలు తెచ్చారు. ముద్ద చిక్కగా ఉండి గొట్టాలు మాటిమాటికీ జామ్ అయ్యాయి. ఇక మిగిలింది మనుషులే. తీర రక్షక దళం వారు, అగ్నిమాపక సిబ్బంది, కాలేజీ విద్యార్థులు, మత్స్యకారులు వరుసగా నిలబడి బకెట్లతో తోడి చేతులు మార్చుకుంటూ డ్రమ్ములు నింపారు. మన ఊళ్ళో గుడిసె అంటుకుంటే బావి నుండి నీళ్ళు అందించినట్టు. దేశమంతా ఆ ఫోటోలు చూసింది. అంతరిక్షానికి రాకెట్లు పంపే దేశంలో చమురును బకెట్లతో తోడడం ఏమిటని కొందరు నవ్వారు కూడా. మాకు మాత్రం నవ్వు రాలేదు. గట్టిపడిన ముద్దను రాళ్ళ సందుల నుండి తీయాలంటే ప్రపంచంలో ఎక్కడైనా చివరికి మనిషి చేయి, గరిటె, బకెట్ కావలసిందే. నవ్వవలసినది, కాదు, అడగవలసినది వేరే ఉన్నది: ఆ చేతులకు తొడుగులు ఎవరిచ్చారు?

ఆరేళ్ళ తరువాత అదే ఎన్నూరులో రెండోసారి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచాంగ్ తుఫాను వరదలు వచ్చినప్పుడు మణలిలోని చెన్నై పెట్రోలియం శుద్ధి కర్మాగారం ఆవరణ నుండి చమురు వరద నీటితో కలిసి బకింగ్‌హాం కాలువలోకి, అక్కడి నుండి కొసస్తలై ఆరులోకి, సముద్రపు పాయలోకి చేరింది. తీర రక్షక దళం చూసినప్పుడు సుమారు 20 చదరపు కిలోమీటర్ల మేర పొర కనిపించింది. ఉత్తర చెన్నైలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి కాబట్టి ఇది మనకు మరీ పరాయి సంగతి కాదు. పడవలకు, వలలకు, ఇండ్ల గోడలకు నల్లటి జిగురు పట్టుకుంది. గూడబాతుల రెక్కలు నూనెలో తడిసిపోయాయి. ఈసారి తోడే పని ఎక్కువగా మత్స్యకారుల మీదనే పడింది. మొదటి రోజుల్లో మగ్గులతో, ఉత్త చేతులతో తోడారు. చర్మం మంట, దద్దుర్లు, కళ్ళ మంట, తలనొప్పి అని వాళ్ళు చెప్పినవి పత్రికల్లో వచ్చాయి.

చెరుకు ఆకు కట్టలు

ఇంకొక ఉదాహరణ మారిషస్ నుండి చెబుతాము. హిందూ మహాసముద్రంలో చిన్న ద్వీపం, 12 లక్షల పైచిలుకు జనాభా. 19వ శతాబ్దంలో చెరుకు తోటల్లో కూలికి మన తెలుగువాళ్ళను కూడా అక్కడికి ఓడలెక్కించారు. వాళ్ళ సంతతి ఇప్పటికీ అక్కడ ఉన్నారు, ఉగాది ఆ దేశంలో ప్రభుత్వ సెలవు దినం. 2020 జూలై 25న వకాషియో అనే జపాను వారి ఓడ ఆ ద్వీపం ఆగ్నేయ తీరంలో పగడపు దిబ్బకు ఎక్కి చిక్కుకుంది. సెల్ ఫోను సిగ్నల్ అందుతుందని ఒడ్డుకు దగ్గరగా నడిపారని విచారణలో తేలింది. (సిగ్నల్ కోసం మన హాస్టల్ నీళ్ళ ట్యాంకు ఎక్కేవాళ్ళు ఇది గమనించగలరు!) ఆగస్టు 6 నుండి చమురు కారడం మొదలై దాదాపు 1,000 టన్నులు నీళ్ళలో కలిసింది.

అప్పుడు అక్కడి జనం ఏం చేశారో చూడండి. బయటి దేశాల నుండి సామాను వచ్చేదాకా ఆగలేదు. తోటల నుండి ఎండిన చెరుకు ఆకు తెచ్చారు. గుడ్డతో, వల గుడ్డతో పొడుగాటి సంచులు కుట్టి, అందులో చెరుకు ఆకు కుక్కి, తేలడానికి ఖాళీ ప్లాస్టిక్ సీసాలు కట్టి, నీళ్ళ మీద పరిచారు. వీటినే ఇంగ్లీషులో బూమ్‌లు అంటారు, మనం తేలే కట్టలు అందాము. మంగలి షాపుల్లో కత్తిరించిన జుట్టు కూడా పోగు చేశారు, ఎందుకంటే వెంట్రుక నూనెను పట్టుకుంటుంది. "ఈ పని అధికారులకు వదిలివేయండి" అని ప్రభుత్వం కోరినా జనం కట్టలు కుడుతూనే ఉన్నారు.

ఎండిన చెరుకు ఆకు మన కామారెడ్డి ప్రాంతంలో ఎవరికి తెలియదు? బెల్లం గానుగ దగ్గర పొయ్యిలోకి పోయే ఆకు. వరిగడ్డి, మక్క బెండ్లు, పత్తి కూడా ఇదే పని చేస్తాయి. అందులో పత్తి గొప్పది. చేను నుండి తీసిన ముడి పత్తి మీద సన్నని మైనం పొర ఉంటుంది. ఆ మైనం నీటిని వద్దంటుంది, నూనెను రమ్మంటుంది. అమెరికాలోని టెక్సాస్ టెక్ విశ్వవిద్యాలయం పరిశోధనలో ఒక రకం ముడి పత్తి తన బరువుకు 30 రెట్ల పైగా ముడిచమురును పీల్చింది. విచిత్రం ఏమిటంటే ఆ పత్తి బట్టలకు పనికిరాని, పక్వానికి రాని నాసి రకం. మార్కెట్ యార్డులో ధర పలకని పత్తికి ఇక్కడ విలువ ఎక్కువ!

అయితే ఒక మాట. చెరుకు ఆకు చమురును పీల్చిన తరువాత అది ఇక ఆకు కాదు, విషపు చెత్త. దానిని ఒడ్డున కుప్ప పోస్తే వానకు మళ్ళీ నీళ్ళలోకే దిగుతుంది. తగలబెడితే ఆ పొగ మన ఊపిరితిత్తుల్లోకే. కట్ట కుట్టేటప్పుడే, తడిసిన కట్ట ఎక్కడికి పోతుంది అని అడగాలి.

ఉత్త చేతులు

2007 డిసెంబరు 7న దక్షిణ కొరియాలోని టేయాన్ తీరంలో హెబెయ్ స్పిరిట్ అనే ఓడ నుండి పది వేల టన్నులకు పైగా ముడిచమురు ఒలికినప్పుడు 12 లక్షల మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు వచ్చారు. చలికాలంలో కూర్చుని ఒక్కొక్క రాయిని పాత గుడ్డలతో తుడిచారు. చరిత్రలో ఇంతకంటే పెద్ద శ్రమదానం అరుదు. కాని ఆ తరువాత డాక్టర్లు పరీక్షించినప్పుడు తలనొప్పి, వికారం, గొంతు మంట, చర్మ రోగాలు కనిపించాయి. ఎక్కువ రోజులు పని చేసినవారిలో ఎక్కువగా కనిపించాయి. ఎక్కువ రోజులు పని చేసేది ఎవరు? బస్సులో వచ్చి ఒక ఆదివారం పని చేసి పోయినవాళ్ళు కాదు. అదే తీరంలో బతికేవాళ్ళు.

ముడిచమురులో, పెట్రోలులో బెంజీన్ అనే పదార్థం ఉంటుంది. అది రక్తాన్ని పాడు చేస్తుంది, ఎక్కువ కాలం పీలిస్తే రక్త క్యాన్సరుకు దారి తీస్తుంది. మూతికి దస్తీ కట్టుకుంటే దుమ్ము ఆగుతుంది గాని బెంజీన్ ఆవిరి ఆగదు. మామూలు గుడ్డ తొడుగులు చమురును పీల్చి చర్మానికి ఇంకా దగ్గర చేస్తాయి. కావలసినవి చమురు దిగని రబ్బరు తొడుగులు (నైట్రైల్ అని రాసి ఉంటుంది), మోకాళ్ళ దాకా బూట్లు, ఆవిరిని పట్టే మాస్కు, గంటకొకసారి విశ్రాంతి, సబ్బు నీళ్ళు. చర్మానికి అంటిన చమురును కిరోసిన్‌తో కడుక్కునే అలవాటు మన మెకానిక్ అన్నలకు ఉన్నది. అది తప్పు, కిరోసిన్ చర్మాన్ని ఇంకా పాడు చేస్తుంది. వంట నూనె రుద్ది సబ్బుతో కడిగితే చాలు. గర్భిణులు, పిల్లలు, ఉబ్బసం ఉన్నవారు ఆ పని దరిదాపులకు పోరాదు. అనగా హాస్టల్లో ఉన్న మీరు కూడా పోరాదు తమ్ముళ్ళూ, మీకు ఇంకా పద్దెనిమిది నిండలేదు. మీకు వేరే పని ఉన్నది, తరువాత చెబుతాము.

ఇక్కడ మా మనసులో మాట ఒకటి చెప్పాలి. ఈ హాస్టళ్ళలో చదువుకున్న మనలో చాలామందిమి ఇంట్లో డిగ్రీ ముఖం చూసిన మొదటివాళ్ళం. మన తాతలు, నాయనలు ఊరి మురికి ఎత్తినవాళ్ళు. మోరీ తీయాలన్నా, చచ్చిన పశువును ఎత్తాలన్నా పిలుపు ఏ వాడకు వచ్చేదో మీకు తెలుసు. చమురు ముద్ద ఎత్తే పని కూడా మురికి పనే. దానికి "సేవ" అనే అందమైన పేరు పెట్టినప్పుడు మనం కొంచెం ఆగి చూడాలి. సెలవు నాడు వచ్చి ఫోటో దిగి పోయేవారికి అది సేవ. తొడుగులు లేకుండా పది రోజులు తోడేవాడికి అది కూలి, అదీ తక్కువ కూలి. సేవ వద్దని మేము అనడం లేదు. ఎవరు పిలిచినా మూడు విషయాలు అడిగి దిగండి అంటున్నాము. తొడుగులు, బూట్లు ఇస్తారా? పని చేసినవారి పేర్లు రిజిస్టరులో రాస్తారా? రేపు రోగం వస్తే చూపించేది ఎవరు? వీటికి జవాబు లేని చోట దిగకపోవడం పిరికితనం కాదు.

ప్రాణం తీసే బకెట్

ఇప్పుడు మన రోడ్డుకు వద్దాము. సముద్రంలో ఒలికే ఫర్నేస్ ఆయిల్ వేరు, ట్యాంకరులోని పెట్రోలు వేరు. పెట్రోలు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా మండే ఆవిరిని ఇస్తుంది. ఆ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. పైకి పోదు. నీళ్ళలాగే పల్లం వెతుక్కుంటూ కాలువల్లో, గుంతల్లో కంటికి కనిపించకుండా పారుతుంది. ఎక్కడో దూరాన ఒక నిప్పురవ్వ తగిలితే అంటుకుని వెనక్కి ట్యాంకరు దాకా వస్తుంది.

2017 జూన్ 25న, రంజాన్ పండుగకు ముందు రోజు, పాకిస్తాన్‌లోని బహావల్‌పూర్ దగ్గర అహ్మద్‌పూర్ షర్కియాలో పెట్రోలు ట్యాంకరు బోల్తా పడింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు బకెట్లు, సీసాలు, వంట గిన్నెలు పట్టుకుని వచ్చారు. నిప్పు అంటుకుని 200 మందికి పైగా చనిపోయారు. 2024 అక్టోబరులో నైజీరియాలోని జిగావా రాష్ట్రంలోనూ అదే జరిగింది, 150 మందికి పైగా పోయారు. వాళ్ళను దొంగలు అనడానికి మాకు నోరు రాదు. లీటరు పెట్రోలు కొనడమే భారమైన చోట, నేల మీద పారుతున్న పెట్రోలును చూసి ఎవరైనా బకెట్ వెతుకుతారు. పేదరికం తెలిసిన మనకు అది అర్థం కావాలి. అర్థమైంది కాబట్టే ఆపాలి.

మన తెలుగు నేల మీద 2014 జూన్ 27న, అప్పటి తూర్పు గోదావరి జిల్లా నగరం గ్రామంలో గ్యాసు పైపులైను లీకై 20 మందికి పైగా చనిపోయిన సంగతి పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. తెల్లవారుజామున గ్యాసు ఊరంతా పరుచుకుని ఉండగా టీ దుకాణంలో పొయ్యి వెలిగించగానే అంటుకుందని అప్పట్లో పత్రికలు రాశాయి.

కాబట్టి ట్యాంకరు బోల్తా పడిన చోట సామాన్యులు చేయగల మొదటి సాయం దూరంగా ఉండడం, ఇతరులను దూరంగా ఉంచడం. ఇది వినడానికి చప్పగా ఉంటుంది గాని మనసు పెట్టి చేస్తే అన్నిటికంటే కష్టమైన పని ఇదే. గాలి ఎటు వీస్తున్నదో చూసి, గాలి వచ్చే వైపుకు, ఎత్తు ప్రదేశానికి పోవాలి. పెద్ద ఎత్తున ఒలికితే గాలి పోయే వైపున 300 మీటర్ల దాకా జనాన్ని ఖాళీ చేయించాలని, ట్యాంకరుకు మంట అంటుకుంటే 800 మీటర్ల దూరం పోవాలని అగ్నిమాపక నిపుణులు వాడే మార్గదర్శక పుస్తకం చెబుతుంది. బైకు స్టార్టు చేయరాదు. ఫోను దగ్గరగా వాడరాదు, దూరం పోయి చేయాలి. పక్క పొలంలో మోటరు స్టార్టరు నొక్కరాదు, ఆటోమేటిక్ స్టార్టర్లు ఉంటాయి కనుక కరెంటు వాళ్ళకు చెప్పి ఆ లైను ఆపించాలి. మన జిల్లాలో ఎన్నో ఇండ్లు అమ్మలు చుట్టిన బీడీల మీదనే నడిచాయి, మా చదువు కూడా. అయినా చెప్పక తప్పదు, ఆ దరిదాపుల్లో బీడీ వెలిగించే తాతను చేయి పట్టుకుని ఆపండి.

ఇక తమ్ముళ్ళకు చెబుతామన్న పని. ట్యాంకరు వెనుక, పక్కన ఒక పలక మీద నాలుగు అంకెల నెంబరు ఉంటుంది. అది ప్రపంచమంతా ఒకటే. 1203 అంటే పెట్రోలు. 1202 అంటే డీజిలు. 1075 అంటే వంట గ్యాసు. దూరం నుండే ఆ నెంబరు చదివి 112కు గాని, 101కి గాని ఫోను చేసి, స్థలం పేరు, కిలోమీటరు రాయి, ఈ నెంబరు చెప్పితే వచ్చే ఫైరింజనులో ఏ నురుగు తేవాలో, ఎంత మంది రావాలో వాళ్ళకు ముందే తెలుస్తుంది. పదవ తరగతి చదివే పిల్లవాడు చేయగల పని ఇది. నెంబరు కోసం మాత్రం దగ్గరికి పోకండి. కనిపిస్తే చెప్పండి, లేకుంటే లేదు.

సముద్ర తీరంలోనూ ఈ నియమమే. 2025 మే నెలలో కేరళ తీరానికి దూరంగా ఎం.ఎస్.సి. ఎల్సా 3 ఓడ మునిగి కంటైనర్లు కొట్టుకువచ్చినప్పుడు, వాటిని ముట్టవద్దని, 200 మీటర్ల దూరంలో ఉండి 112కు చెప్పమని అక్కడి అధికారులు ప్రకటించారు. సముద్రంలో చమురు కనిపిస్తే తీర రక్షక దళం నెంబరు 1554. మనలో హార్బర్లలో, ఓడల్లో పనికి పోయినవారు రాసిపెట్టుకోండి.

తూము, మత్తడి

అధికారులు వచ్చి, మంట ప్రమాదం లేదని చెప్పిన తరువాత ఊరివాళ్ళకు నిజంగా పని ఉంటుంది. ఎందుకంటే ఏ ఒర్రె ఏ వాగులో కలుస్తుందో, ఏ వాగు ఏ చెరువుకు పోతుందో నగరం నుండి వచ్చిన ఇంజనీరు కంటే మన నీరటికాయనకు బాగా తెలుసు.

మన చెరువుకు రెండు దారులు. తూము నుండి అడుగు నీళ్ళు పోతాయి. మత్తడి నుండి పై నీళ్ళు పొర్లుతాయి. నూనె పైన తేలుతుంది. కాబట్టి చెరువులోకి డీజిలు వస్తే, మత్తడి దూకుతుంటే అది కింది ఊరి చెరువుకు పోతుంది. మత్తడి దూకకుండా తూము మాత్రమే పారుతుంటే పొర చెరువులోనే నిలుస్తుంది, తూము దాకా నీరు దిగనంత వరకు. ఈ సూత్రంతోనే ప్రపంచమంతా చిన్న వాగుల మీద ఒక అడ్డుకట్ట వేస్తారు. వాగుకు అడ్డంగా మట్టి, ఇసుక బస్తాలతో కట్ట వేసి, అందులో ఒక పైపును వాలుగా పెడతారు. పైపు ఎగువ కొన నీటి అడుగున ఉంటుంది, దిగువ కొన కాస్త ఎత్తులో ఉంటుంది. శుభ్రమైన నీరు అడుగు నుండి పోతూనే ఉంటుంది, నూనె కట్ట ఇవతల ఆగిపోతుంది. ఆగిన నూనె మీద గడ్డి కట్టలు, పత్తి సంచులు వేసి ఎత్తవచ్చు. ఒక ట్రాక్టరు, నాలుగు పారలు, ఒక సిమెంటు గూన ఉంటే కొద్ది గంటల పని. మన తాతలు కట్టిన తూములో ఈ సైన్సు అంతా ఉన్నది, పేరు మాత్రం పెట్టలేదు.

చేయకూడని పని ఒకటున్నది. సర్ఫు నీళ్ళు పోయడం. సర్ఫు పోస్తే నూనె మాయమైనట్టు కనిపిస్తుంది. మాయం కాలేదు, చిన్న చిన్న చుక్కలై నీటి లోపలికి దిగింది. పైన ఉంటే ఎత్తగలిగేవాళ్ళం, ఇప్పుడు చేపల మొప్పల్లోకి పోతుంది. సముద్రంలో కూడా అలాంటి మందులు చల్లడానికి తీర రక్షక దళం అనుమతి ఉండాలి. అలాగే నూనె అంటిన కొంగనో, గూడబాతునో పట్టుకుని కడగవద్దు. బెదిరి చస్తుంది. గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి అటవీ శాఖ వారికి ఇవ్వండి. బావి నీళ్ళు కిరోసిన్ వాసన వస్తే తాగడం, మోటరు వేయడం రెండూ ఆపాలి. మోటరు వేసిన కొద్దీ భూమిలో ఉన్న నూనె బావి వైపుకు గుంజబడుతుంది.

కాగితం మీద సాయం

చదువుకున్నవాళ్ళు చేయగల అసలు సాయం ఇది, దీనికి తొడుగులు కూడా అక్కర లేదు. ప్రమాదం జరిగిన తేదీ, సమయం, చచ్చిన చేపలు, ఎండిన మడులు, పాడైన బావులు, పని పోయిన రోజులు, అన్నీ ఇంటింటికీ తిరిగి ఒక నోటు బుక్కులో రాయడం, ఫోటోలు తీయడం. నీళ్ళను శుభ్రమైన గాజు సీసాలో పట్టి, తేదీ, స్థలం రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలతో కాలుష్య నియంత్రణ మండలికి అప్పగించడం. ఎన్నూరులో 2023 ప్రమాదం తరువాత తమిళనాడు ప్రభుత్వం 2,301 మత్స్యకార కుటుంబాలకు 12,500 రూపాయల చొప్పున, 787 పడవలకు 10,000 రూపాయల చొప్పున సాయం ప్రకటించింది. ఆ 2,301, ఆ 787 అనే అంకెలు ఆకాశం నుండి ఊడిపడవు. జాబితాలో పేరు ఉన్నవాడికే డబ్బు. పడవ లేని వాడు, చేపలు అమ్మే అవ్వ, పీతలు పట్టే కూలి ఏ జాబితాలో ఉంటారు? రాసేవాడు వాళ్ళ వాడ నుండి వచ్చినవాడైతేనే గుర్తుంటుంది.

చట్టం కూడా ఉన్నది. ప్రజా బాధ్యత బీమా చట్టం 1991లో వచ్చింది. పెట్రోలు వంటి ప్రమాదకర పదార్థాలను నిల్వ చేసేవారు, రవాణా చేసేవారు ముందుగానే బీమా చేయించాలి. ప్రమాదం జరిగితే తప్పు ఎవరిదో రుజువు చేయకుండానే నష్టపోయినవారు జిల్లా కలెక్టరుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు ఐదేళ్ళు. ఈ చట్టం పేరు మేము పీజీకి వచ్చేదాకా వినలేదు. మన ఊళ్ళో దరఖాస్తు రాసిపెట్టేది ఎవరు అంటే మీరే.

హాస్టల్లో చేసి చూడండి

ఫిబ్రవరి 28 సైన్సు దినోత్సవానికి ఈ ప్రయోగం బాగుంటుంది. వెడల్పాటి తొట్టిలో సగం దాకా నీళ్ళు పోయండి. రెండు చెంచాల పల్లి నూనెలో కొంచెం పసుపు కలిపి పోస్తే బాగా కనిపిస్తుంది. పెట్రోలు, డీజిలు మాత్రం వాడకండి. ఇప్పుడు ఒక్కొక్క తొట్టిలో ఒక్కొక్క వస్తువు వేయండి: వరిగడ్డి ముక్కలు, ఎండిన చెరుకు ఆకు, మంగలి షాపు నుండి తెచ్చిన జుట్టు, పాత బనియను గుడ్డ, చేను పత్తి, మందుల షాపు దూది. పది నిమిషాల తరువాత తీసి, వేరు వేరు గ్లాసుల్లోకి పిండి, నూనె ఎంత, నీళ్ళు ఎంత వచ్చాయో కొలిచి పట్టిక రాయండి. మందుల షాపు దూది మునిగిపోతుంది, నీళ్ళు ఎక్కువ తాగుతుంది, ఎందుకంటే దాని మైనాన్ని ఫ్యాక్టరీలో తీసివేశారు. చేను పత్తి తేలుతూ నూనెను పట్టుకుంటుంది. చివరి తొట్టిలో చిటికెడు సర్ఫు వేసి కలిపి, ఇప్పుడు అదే పత్తితో నూనె తీయగలరేమో ప్రయత్నించండి.

నూనె తడిసిన గడ్డి, దూది మోరీలో వేయకండి. పల్లి నూనెనే కాబట్టి వంట మనిషి అక్కను అడిగి కట్టెల పొయ్యిలో వేయించండి, జుట్టు, గుడ్డ తప్ప. డీజిలే అయి ఉంటే ఎక్కడ పారవేసేవాళ్ళమో పట్టిక కింద రెండు వాక్యాలు రాసి మీ సైన్సు సారుకు చూపించండి.